పది వేలలో రెండోవాడు

మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవీ: తెనాలిలో ఒక మినప్పప్పు టోకు కొట్టు, యాభై ఎనిమిదేళ్ళ వయసు, ముప్ఫై నాలుగేళ్ళుగా నా మాటకు అడ్డం చెబుతున్న భార్య రాజ్యలక్ష్మి, కత్తి తగలని పొట్ట, పదకొండేళ్ళుగా కడుతూ ఒక్కసారీ వాడుకోని ఆరోగ్య బీమా. వీటిలో నన్ను బాధపెట్టింది చివరిదొక్కటే.

పొట్టలో పెద్ద జబ్బేమీ లేదు. గారెలు తిన్న రోజున కాస్త మంట. మానేస్తే పోతుందని మా ఆవిడ. మినప్పప్పు వ్యాపారే గారెలు మానేస్తే సరుకు మీద జనానికి ఏం నమ్మకం ఉంటుందని నేను. ఇలా నడుస్తుండగా బీమా కంపెనీ ఉత్తరం రాసింది. పదకొండేళ్ళ నమ్మకానికి బహుమానంగా పేగుల లోపలికి గొట్టం పంపి చూసే పరీక్ష ఒకటి ఉచితం, మార్చి నెలాఖరు దాటితే చెల్లదు.

గోదాములో సరుకు పురుగు పడుతుంటే చూస్తూ కూర్చునే వ్యాపారిని కాను నేను.

"ఏవండీ, ఊరికే ఇస్తన్నారని పొట్టలో గొట్టం పెట్టించుకుంటారా ఎవరన్నా?" అంది రాజ్యలక్ష్మి.

"ఊరికేమిటి? పదకొండేళ్ళు కట్టాం. మన సరుకు మనం తెచ్చుకోవడం."

"తెచ్చుకోవడం కాదు, మింగడం."

"నాది మింగేది కాదులే. కింద నుంచి."

"ఖర్మ," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే బీమా ఒక్కటే కారణం కాదు. ఆ సంవత్సరం మా బజారులో ఆ పరీక్ష ఒక మోజు. ఇదివరకు మనవడి ఫోటోలు చూపించేవాళ్ళు ఇప్పుడు ఫోనులో పెద్దపేగు చూపించసాగారు. "నున్నగా ఉంది చూడు, ఒక్క మచ్చ లేదు" అని ఒకడు. "నాది ఇంకా వెడల్పు" అని ఇంకొకడు. నాలుగు రోజులు చూశాక, చూపించడానికి ఏమీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

గుంటూరులో పెద్ద ఆసుపత్రి. పేరెందుకు, గాజు తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. అక్కడ సంతకం పెట్టమని పద్నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. చదవకుండా సంతకం పెట్టడం మా ఇంటావంటా లేదు. తొమ్మిదో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, రాబోయే అరుదైన ఇబ్బందుల జాబితా ఉంది. పేగుకు చిల్లు పడటం, అన్నవాహికకు గాయం, ప్లీహానికి దెబ్బ తగిలి లోపల రక్తం కారడం. జాబితా కింద ఒక వాక్యం: "మా ఆసుపత్రిలో ఇవన్నీ కలిపి పది వేలమందిలో ఒకరికి మాత్రమే జరుగును."

"ప్లీహం అంటే ఎక్కడుంటుందండీ?" అని అడిగాను.

కౌంటరు పక్కన నిలబడ్డ పెద్దమనిషి నా వైపు తిరిగాడు. నల్లకోటు, మెడలో కార్డు, చేతిలో పలక లాంటి కంప్యూటరు. ఆయన హయగ్రీవరావు గారు, నాణ్యతా విభాగానికి అధిపతి. వైద్యుడు కాదు, వైద్యుల చేత తప్పులు జరగనివ్వని అధికారి.

"ఎడమవైపు పక్కటెముకల కింద ఉంటుంది. కానీ తమరు దాని గురించి ఆలోచించనవసరం లేదు. పది వేలకు ఒకటి అనేది మా సంస్థ ప్రజలకు ఇచ్చిన మాట. మాట తప్పిన చరిత్ర మాకు లేదు," అన్నాడు.

మా వ్యాపారంలోనూ క్వింటాలుకు ఇంత తరుగు అని ఒప్పుకుంటాం. ఒప్పుకున్నదానికి మించి పోతే అమ్మినవాడు భరించాలి. ఇక్కడా అదే పద్ధతి అనుకుని సంతకం పెట్టాను. వ్యాపారంలో నేను చేసిన తప్పులన్నీ, ఎదుటివాడిదీ మన పద్ధతే అనుకున్నప్పుడు చేసినవే.

పరీక్ష బాగా జరిగింది. నా పరీక్ష నంబరు తొమ్మిది వేల ఐదువందల తొంభై ఎనిమిది. పేగు నున్నగా ఉందని ఫోటో ఇచ్చారు. సాయంత్రం బజారులో చూపించాను. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున ఎడమవైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. కాసేపటికి ఎడమ భుజం లాగడం. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి. రాజ్యలక్ష్మి నన్ను కారులో వేసుకుని మళ్ళీ గుంటూరు తీసుకొచ్చింది. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. ఆవిడ మాట్లాడకపోతే నాకు భయం.

డాక్టర్ కౌముది అని చిన్న వయసు అమ్మాయి నన్ను పరుపు మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. ఆమె ముఖం మారింది. "ప్లీహం దగ్గర రక్తం కారుతున్నట్టుంది. వెంటనే స్కాన్ తీయాలి," అని కంప్యూటరు ముందు కూర్చుంది. కూర్చుని లేవలేదు. ఏదో నొక్కుతోంది, మళ్ళీ నొక్కుతోంది.

"ఏమైందమ్మా?"

"స్కాన్ రాయాలంటే కారణం రాయాలండీ. 'పరీక్ష తర్వాత అరుదైన ఇబ్బంది' అన్న గడి తెరుచుకోవడం లేదు. నిండిపోయిందట."

హయగ్రీవరావు గారిని పిలిచారు. ఆయన తీరిగ్గా వచ్చి, పలక చూసి, నా వైపు జాలిగా చూశాడు.

"కిందటి జూలైలో బాపట్ల నుంచి ఒకావిడ వచ్చారు. ఆవిడకు జరిగింది. ఇప్పటివరకు మా సంస్థ చేసిన పరీక్షలు తొమ్మిది వేల ఆరువందల పదకొండు. పది వేలకు ఒకరే. ఆ ఒకరు అయిపోయారు."

"అయితే నాకు జరిగిందేంటండీ?"

"తమరికి ఏమీ జరగలేదు. జరగడానికి అవకాశం లేదు."

"నొప్పిగా ఉందయ్యా!"

"నొప్పి ఉండవచ్చు. నొప్పిని మా సంస్థ గౌరవిస్తుంది. కానీ అది అరుదైన ఇబ్బంది మాత్రం కాదు. ఇప్పుడే రెండోది ఒప్పుకుంటే మేము ఐదువేలకు ఒకరు అయిపోతాం. అది గణాంక క్రమశిక్షణకు భంగం."

రాజ్యలక్ష్మి ఇంకో ఆసుపత్రికి ఫోను చేసింది. పంపించే ఆసుపత్రి ఉత్తరం ఉంటేనే చేర్చుకుంటామన్నారు వాళ్ళు. ఉత్తరం అడిగితే, జరగనిదానికి ఉత్తరం రాయడం అబద్ధం కింద వస్తుందని హయగ్రీవరావు గారు. ఉత్తరం లేకపోయినా పోదామంటే డాక్టర్ కౌముది అడ్డుపడింది. ఈ స్థితిలో కారు కుదుపులకు రక్తం ఒక్కసారిగా కారితే దారిలోనే ప్రాణం పోతుందని చెప్పింది. 'గ్యాస్' అని కారణం రాసి నాకు సెలైను పెట్టింది. గ్యాసుకు ఎంత వైద్యం చెయ్యవచ్చో అంతా చేసింది ఆ పిల్ల.

పక్క మంచం మీద నుంచి బొంగురు గొంతు వినబడింది. "ఒరేయ్, నువ్వు పానకాలువు కాదూ?"

తిరిగి చూస్తే దేవసహాయం మాస్టారు. మునిసిపల్ హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పినాయన. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. పై నుంచి గొట్టం వేసి పరీక్ష చేశారట నిన్న. రాత్రి నుంచి గుండెల్లో పోటు, జ్వరం. మెడ ఉబ్బింది. "ఇక్కడ వేలు పెట్టు," అన్నాడు. పెడితే చర్మం కింద మరమరాలు నలిగినట్టు చిటపటలాడింది. అన్నవాహికకు చిల్లుపడి గాలి చర్మం కిందికి వచ్చిందని డాక్టర్ కౌముది మెల్లగా చెప్పింది. ఆయనదీ గ్యాసే, కాగితం మీద.

మాస్టారు హయగ్రీవరావును దగ్గరకు పిలిచాడు. "బాబూ, పది వేలలో ఒకరికి అంటే క్యూ కాదయ్యా. ఒకరి తర్వాత ఇంకొకరికి వెంటనే రావచ్చు. ఇరవై వేలమందికి అసలు రాకపోవచ్చు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడింది కదాని రెండోసారి బొరుసే పడాలని రూలుందా?"

హయగ్రీవరావు గౌరవంగా తల వంచాడు. "తమరు చెప్పింది సిద్ధాంతం మాస్టారూ. మాది విధానం. సిద్ధాంతాన్ని ప్రకృతి పాటిస్తుంది. విధానాన్ని సిబ్బంది పాటించాలి."

"ఒరేయ్ పానకాలూ, ఈయన నా దగ్గర చదివుంటే మూడేళ్ళు తప్పేవాడు."

"నేను రెండేళ్ళు తప్పాను గదండీ," అన్నాను. నవ్వబోయి ఇద్దరమూ నొప్పితో ఆగిపోయాం.

మధ్యాహ్నం 'అరుదు నిర్ధారణ సంఘం' సమావేశమైంది. గంటన్నర చర్చించి బయటికి వచ్చింది. హయగ్రీవరావు గారి ముఖం వెలిగిపోతోంది.

"తమరి విషయంలో సంస్థ మానవీయ దృక్పథాన్ని అవలంబించింది. మొదటి పది వేలు పూర్తికావడానికి ఇంకా మూడువందల ఎనభై తొమ్మిది పరీక్షలే కావాలి. అవి పూర్తయిన క్షణాన రెండో పది వేలు మొదలవుతుంది. అందులో ఒక స్థానం ఖాళీగా ఉంటుంది. యుద్ధ ప్రాతిపదికన పూర్తి చేస్తాం."

"ఎంతసేపట్లో?"

"రేపు సాయంత్రానికి."

గంటలో బ్యానర్లు లేచాయి. 'లోచూపు మహోత్సవం. రండి, మీ లోపల ఏముందో ఉచితంగా తెలుసుకోండి.' మైకు కట్టిన ఆటో ఊళ్ళోకి వెళ్ళింది. కింద నుంచి చేసే పరీక్షకు పేగు ఖాళీ చెయ్యాలి, అంత వ్యవధి లేదు. పై నుంచి చెయ్యడానికి పొట్ట ఖాళీగా ఉంటే చాలు. అందుకని ఉపవాసం ఉన్నవాళ్ళ కోసం మనుషుల్ని పంపారు. మర్నాడు ఏకాదశి. గుడి ముందు ఒక బస్సు నిలబెట్టారు. క్రైస్తవులకు శ్రమల దినాలు, చర్చి ముందు ఇంకో బస్సు. రంజాన్ నెల కూడా నడుస్తోంది కానీ, గొట్టం మింగినా ఉపవాసం చెడుతుందని వాళ్ళు మర్యాదగా తప్పించుకున్నారు. పరీక్షయిన ప్రతివాళ్ళకూ రెండు ఇడ్లీలు, పెసరట్టు, పొట్ట లోపలి ఫోటో.

నేను పడుకున్న చోటు నుంచి గాజు తలుపు కనబడేది. జనం వరుసలో వస్తున్నారు, ఒక తలుపులో నోరు మూసుకుని వెళ్ళి రెండో తలుపులో గొంతు పట్టుకుని వస్తున్నారు. క్యాంటీను వంటవాడు వెళ్ళాడు. వాచ్‌మన్ వెళ్ళాడు. మందులు అమ్ముకోవడానికి వచ్చిన కంపెనీ ఏజెంటు, తాను రోగిని కానని ఎంత చెప్పినా వినకుండా పంపించారు. గోడ మీద బోర్డులో అంకెలు మారుతున్నాయి. మా బజారు వాళ్ళు కూడా ఇరవైమంది దిగారు. ఒకడు నా మంచం దగ్గరకొచ్చి, "అన్నాయ్, నీ కోసం వచ్చాం. పెసరట్టు బాగుందంటగా?" అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి తొమ్మిది వేల తొమ్మిదివందల డెబ్బై. అప్పుడు రాజ్యలక్ష్మి కనబడలేదు. అరగంట తర్వాత వచ్చింది. గొంతు బొంగురుపోయింది.

"ఎక్కడికెళ్ళావు?"

"మింగొచ్చాను."

"నీకెందుకే?"

"నిన్నటి నుంచి తిండెక్కడిది నాకు? పొట్ట ఖాళీనేగా. ఒక నంబరు పెరుగుద్ది గదా అని." నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

సాయంత్రం నాలుగున్నరకు బోర్డు మీద పది వేలు పడింది. చప్పట్లు కొట్టారు. మిఠాయి పంచారు. నాకు చెమటలు పోస్తున్నాయి, నాడి పరుగెడుతోందని డాక్టర్ కౌముది అంటోంది. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని నా పేరు కొట్టింది. గడి తెరుచుకోలేదు.

హయగ్రీవరావు పలక మీద వేలు ఆడించాడు. కనుబొమలు ముడిపడ్డాయి, మళ్ళీ విడిపోయాయి.

"ఇందులో చిన్న సాంకేతికాంశం ఉంది. రెండో పది వేలలోని స్థానం, రెండో పది వేలలో పరీక్ష చేయించుకున్నవారికి. తమరి పరీక్ష నంబరు తొమ్మిది వేల ఐదువందల తొంభై ఎనిమిది. తమరు మొదటి పది వేలకు చెందినవారు. అందులో స్థానం జూలైలోనే భర్తీ అయింది."

"అంటే నా వంతు?"

"తమరికి వంతు లేదు."

"మరి ఈ మూడువందల ఎనభై తొమ్మిది మంది?"

"వారి సహకారాన్ని సంస్థ రికార్డు చేసింది."

పక్క మంచం మీద మాస్టారు కళ్ళు మూసుకునే అన్నాడు. "నిన్ననే చెబుదామనుకున్నానురా. లెక్క తప్పని తెలుసు. పెసరట్లు తినేవాళ్ళని చూసి చెప్పలేకపోయాను."

రాజ్యలక్ష్మి లేచి నిలబడింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ ఒక మనిషిని కొట్టబోవడం నేను చూసింది అప్పుడే. హయగ్రీవరావు పలకను గుండెకు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు వచ్చింది సువార్తమ్మ. ఆ వార్డుకు పెద్ద నర్సు. సెలైను సీసా మారుస్తూ, ఎటో చూస్తూ అంది. "సెట్టిగారూ, మీరు పడ్డారు."

"నేనా? ఎక్కడ?"

"మీ ఇష్టం. మీది పప్పుల కొట్టంటగా. బస్తాల మీంచి పడ్డారు."

"నేను బస్తాలెక్కి ముప్ఫై ఏళ్ళయిందమ్మా."

"అందుకే పడ్డారు. అలవాటు తప్పింది గదా." ఆమె గొంతు తగ్గించింది. "ఈ ఆసుపత్రిలో పరీక్ష వల్ల వచ్చినదానికే లెక్కుంది. పడినోళ్ళకి లెక్క లేదు. ఎంతమందైనా పడొచ్చు. కింద అత్యవసర విభాగంలో పడ్డానని రాస్తే పది నిమిషాల్లో స్కాన్ తీస్తారు. ప్లీహం పగలటానికి పడటం మంచి కారణం, ఎవరూ అడగరు."

నేను ఇంకా ఆలోచిస్తుండగానే రాజ్యలక్ష్మి, "పడ్డారు. నేను చూశాను," అంది. "పదకొండు బస్తాల ఎత్తు నుంచి. కళ్ళారా చూశాను."

"ఐదు చాలమ్మా," అంది సువార్తమ్మ. "పదకొండంటే తలకాయ కూడా స్కాన్ తీస్తారు."

ఐదు బస్తాల దగ్గర బేరం కుదిరింది. సంతకం పెట్టాను. తొమ్మిదో నిమిషంలో నేను స్కాన్ గదిలో ఉన్నాను. పొట్టలో లీటరుకు పైగా రక్తం చేరిందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించి, తొడ దగ్గర నుంచి సన్నని తీగ లోపలికి పంపి, కారుతున్న చోటు మూసేశారు. ప్లీహం తియ్యాల్సిన పని లేకుండానే నిలబడింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాణ్ణి కాదని డాక్టర్ కౌముది తర్వాత చెప్పింది. అదే డాక్టరు, అదే స్కాను, అదే ప్లీహం. మారింది నేను పడటం ఒక్కటే.

నన్ను కిందికి స్కానుకు తీసుకెళ్ళేముందు మాస్టారి చెయ్యి పట్టుకున్నాను. "మాస్టారూ, మీరూ పడండి."

"నేను పడలేదురా."

"నేను మాత్రం పడ్డానా?"

"నువ్వు వ్యాపారివి, బేరమాడుకుంటావు. నేను నలభై ఏళ్ళు బోర్డు మీద కారణం లేకుండా జవాబు రాసినవాడికి మార్కులివ్వలేదు. ఇప్పుడు జవాబు కోసం కారణం మార్చమంటావా? వాళ్ళ గొట్టం తగిలి చిల్లు పడింది. ఆ మాట రాయమను, వైద్యం చెయ్యమను."

ఆయన కూతురు కృపామణి మంచం దగ్గర నిలబడి ఏడుస్తోంది. "నాన్నా, రాద్దాం నాన్నా." ఆయన తల అడ్డంగా ఊపాడు. తెల్లవారేసరికి ఆయనకు స్పృహ పోయింది. అప్పుడు ఆ పిల్ల కాగితం తీసుకుని, మెట్ల మీద నుంచి పడ్డారని రాసింది. ఆపరేషన్ చేశారు. అన్నవాహికకు చిల్లు పడినవాళ్ళకు మొదటి రోజే చెయ్యాలట ఆ ఆపరేషన్. నాలుగో రోజు ఆయన పోయాడు.

మరణ ధ్రువీకరణ పత్రంలో 'మెట్ల మీద నుంచి జారిపడుట వలన' అని రాశారు. మాస్టారి ఇల్లు నాకు తెలుసు. ఒంటి దూలం పెంకుటిల్లు, నేల మీదే గుమ్మం. ఆ ఇంట్లో మెట్లు లేవు.

నేను ఇంటికొచ్చిన నెలకు ఆసుపత్రికి జాతీయ స్థాయిలో ఏదో పురస్కారం వచ్చింది. పది వేల పరీక్షలకు ఒకే ఒక్క ఇబ్బంది. పేపర్లో హయగ్రీవరావు గారి ఫోటో. పక్క పేజీలో ఇంకో వార్త. తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో జనం పడిపోవడం ఒక్కసారిగా ఏడు రెట్లు పెరిగిందని. లోచూపు మహోత్సవంలో హడావుడిగా గొట్టం మింగినవాళ్ళలో పదకొండుమంది ఆ వారంలోనే పడ్డారు. ఒకడు స్కూటరు మీద నుంచి, ఒకావిడ బావి గట్టు మీద నుంచి, క్యాంటీను వంటవాడు దోసెల పెనం దగ్గర. మందుల కంపెనీ ఏజెంటు ఎక్కడ పడాలో తోచక, ఆసుపత్రి గుమ్మంలోనే పడ్డానని రాశాడు. దాంతో గుమ్మం పగలగొట్టి మళ్ళీ కట్టారు.

పడేవాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు వాళ్ళకో సంస్థ ఉండాలి కదా. 'జారిపాట్ల నివారణ మండలి' ఏర్పడింది. నాణ్యతలో విశేష అనుభవం ఉన్నందువల్ల హయగ్రీవరావు గారినే అధ్యక్షుణ్ణి చేశారు. మండలి మూడు నెలలు అధ్యయనం చేసి, ఈ ప్రాంత ప్రజలకు నడవడం సరిగా రాదని తేల్చింది. వార్డువారీగా నడక తరగతులు పెట్టారు. మా బజారులో పొద్దున్నే ముప్ఫైమంది వ్యాపారులం తెల్లగీత మీద నడిచాం. మడమ ముందు మోపాలా వేళ్ళు ముందు మోపాలా అనే విషయం మీద మండలిలో రెండు వర్గాలు కూడా ఏర్పడ్డాయి.

ఆ తర్వాత మృతుల కుటుంబాలను ఆదుకునే పథకం వచ్చింది. జారిపడి మరణించినవారి ఇళ్ళలో, ఆ ప్రమాదం మళ్ళీ జరగకుండా, మెట్లకు స్టీలు రెయిలింగు ఉచితంగా బిగిస్తారు. దేవసహాయం మాస్టారి పేరు జాబితాలో మొదటిది. బిగించేవాళ్ళు వెళ్ళి చూసి, మెట్లు లేవని రాసి పంపారు. మండలి సమావేశమైంది. మరణ ధ్రువీకరణ పత్రంలో మెట్లు ఉన్నాయి కనుక ఇంట్లో మెట్లు లేకపోవడం నిర్మాణ లోపమని తీర్మానించింది. పదిహేను రోజుల్లో ఆ పెంకుటింటి గుమ్మం పక్కన మూడు సిమెంటు మెట్లు కట్టారు. అవి ఎక్కడికీ వెళ్ళవు. మూడో మెట్టు ఎక్కితే ఎదురుగా గోడ. వాటికి రెండువైపులా మెరిసే రెయిలింగు.

ప్రారంభోత్సవానికి నన్ను పిలిచారు. ఆ ప్రాంతంలో పడి బతికినవాళ్ళలో నేనే పెద్దవాణ్ణట. శాలువా కప్పారు. 'పడినా లేచినవాడు' అని చెక్కిన చేతికర్ర ఇచ్చారు. హయగ్రీవరావు గారు మైకు అందుకున్నాడు.

"పడిపోవడం వ్యక్తిగతం. లేవడం సంస్థాగతం. ఈ మూడు మెట్లూ దివంగత దేవసహాయం మాస్టారికి మా సంస్థ అర్పిస్తున్న ఘన నివాళి. ఇప్పుడు శ్రీ పానకాలరావు గారు తాము ఎలా పడ్డారో నాలుగు మాటల్లో చెబుతారు."

నేను మైకు ముందుకు వెళ్ళాను. గుమ్మంలో కృపామణి నిలబడి ఉంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. తాను రాసిన కాగితాన్నే ఇటుకలుగా పేర్చి ఇంటి ముందు పెడితే మనిషి ఎలా చూస్తుందో అలా ఆ మెట్లను చూస్తోంది. నన్ను చూసి మెల్లగా అడిగింది. "అంకుల్, మీరు పడ్డారా?"

నేను బేరమాడి బతికినవాణ్ణి. ఆ బేరం వల్ల నాకు జరిగింది మేలే. అయినా ఆ పిల్ల అడిగిన తీరుకు నా దగ్గర ధర లేదు.

"లేదమ్మా," అన్నాను. మైకులో అందరికీ వినబడింది. "నేను పడలేదు. మాస్టారూ పడలేదు. ఈ ఇంట్లో మెట్లే లేవు. గొట్టం తగిలి నాకు ప్లీహం చిట్లింది, ఆయనకు అన్నవాహిక చిల్లుపడింది. వైద్యం కోసం పడ్డామని రాయాల్సి వచ్చింది."

అరనిమిషం ఎవరూ కదల్లేదు. వెనక వరుసలో స్కూటరు మీద నుంచి పడినవాడు లేచి నిలబడ్డాడు. బావి గట్టావిడ కూడా లేచింది. ఏదో జరగబోతోందని నాకే అనిపించింది.

హయగ్రీవరావు గారు నా భుజం మీద చెయ్యి వేసి సభ వైపు తిరిగాడు. ఆయన ముఖంలో నిజమైన ఆందోళన.

"చూశారా? పడిన సంగతే మరిచిపోయారు. తలకు తగిలిన దెబ్బ ఆలస్యంగా బయటపడటానికి ఇదే ప్రధాన లక్షణం. తక్షణం చేర్చుకోవాలి. తల స్కాన్ తీయాలి. ఈ వయసులో కారణం తెలియని రక్తస్రావం ఉండవచ్చు, లోచూపు కూడా మళ్ళీ ఒకసారి చేయించడం శ్రేయస్కరం. స్ట్రెచర్!"

ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. సభలకు తీసుకొస్తారు కాబోలు, సిద్ధంగానే ఉంది. "ఇంకా ఎవరైనా మరిచిపోయినవారు ఉన్నారా?" అని హయగ్రీవరావు గారు ఆప్యాయంగా అడిగాడు. స్కూటరువాడు కూర్చున్నాడు. బావి గట్టావిడ కూర్చుంది.

"ఏవండీ," అంది రాజ్యలక్ష్మి మొదటి వరుసలో నుంచి, గట్టిగా. "ఐదు బస్తాలు. గుర్తు తెచ్చుకోండి."

నేను స్ట్రెచర్ వైపు చూశాను. దాని మీద తెల్లగుడ్డ నలగకుండా పరిచి ఉంది. "గుర్తొచ్చింది," అన్నాను. "పడ్డాను. ఐదు బస్తాల మీద నుంచి."

చప్పట్లు కొట్టారు. మెట్లకు కొబ్బరికాయ కొట్టించారు. తిరిగి వస్తుంటే కృపామణి గేటు దాకా వచ్చి, "అరనిమిషమైనా చెప్పారు అంకుల్," అంది. నేను కర్ర పట్టుకుని కారెక్కాను.

ఆఖరి లెక్క ఇది. ఆసుపత్రికి పురస్కారం వచ్చింది. హయగ్రీవరావు గారికి రెండో పదవి వచ్చింది. నాకు ప్లీహం దక్కింది, పైన శాలువా ఒకటి, కర్ర ఒకటి. దేవసహాయం మాస్టారికి మూడు మెట్లు వచ్చాయి.